చప్పుడుంది, బొమ్మ లేదు

2008 అక్టోబర్ 5, ఆదివారం

రేపు పొద్దున్నే పామర్రు ప్రయాణం. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది కాబట్టి ఈ దసరా అక్కడే. బట్టలు సర్దేశాను. మనసు మాత్రం కంప్యూటర్ మీదే ఉంది.

మా అమ్మాయి సత్యశ్రీ కోసం కొన్న కంప్యూటర్ ఇది. అది ఆరో తరగతికే హాస్టల్‌కి వెళ్ళిపోయింది, కంప్యూటర్ నాకు మిగిలింది. విండోస్ బదులు లినక్స్ వేసుకుని, తెలుగు అనువాదాల గుంపులో చేరి, మెనూల్లోని మాటలు తెలుగు చేస్తున్నాను. ఇందులో పైసా రాదు. ఈ ఇంట్లో నేను అడక్కుండా, ఎవరూ చెప్పకుండా చేసే పని ఇదొక్కటే.

సాయంత్రం కూర్చోగానే పైన మూలన నారింజ రంగు గుర్తు వెలిగింది, అప్‌డేట్లు వచ్చాయి, వేసుకుంటావా అని. ఇది ప్రతివారం ఉండేదే. నొక్కాను. అంతా అయ్యాక ఒకసారి ఆపి మళ్ళీ మొదలెట్టమంది. కరెంటు పోయే వేళ అయిందని ఆపేసి ఊరుకున్నాను, ఊరి నుంచి వచ్చాక మొదలెట్టొచ్చని.

అసలు అప్‌డేట్ అన్న మాటకే ఇంకా తెలుగు కుదరలేదు. బందరు నుంచి సిరాజ్ గారు ‘నవీకరణ’ అంటారు. నాకెందుకో పంతులుగారు దగ్గినట్టు వినిపిస్తుంది. వంటింట్లో అత్తయ్యని అడిగాను.

“ఉన్నదాన్నే కాస్త బాగుచేసి మళ్ళీ పనికి పెడితే ఏమంటారు అత్తయ్యా?”

“దేన్ని?”

“దేన్నైనా.”

“వలనైతే బాగుచేత అంటాం. మొగుణ్ణైతే ఏమీ అనం, అది అయ్యే పని కాదు.”

‘బాగుచేత’ అని రాసుకున్నాను.

అక్టోబర్ 10, శుక్రవారం

వచ్చేశాను. పామర్రు బస్సులో నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి.

అత్తయ్య ఒక కొబ్బరి చిప్ప చేతిలో పెట్టి, “ఇది నీదే, నీ పేరున కొట్టిన కాయ” అంది. రాత్రికి పచ్చడి చేసేశాను.

కంప్యూటర్ దగ్గర అంతా కుంకుమే. మానిటర్ మీద ఇంత బొట్టు, కింద పెట్టె మీద అడ్డంగా పసుపు, కీబోర్డు సందుల్లో ఎర్రటి పొడి. పండగనాడు చేతికందిన దానికల్లా బొట్టు పెట్టేసి ఉంటుంది. బ్రష్‌తో దులపడానికే అరగంట పట్టింది. లోపలే విసుక్కున్నాను.

ఆన్ చేశాను. తెల్లక్షరాలు గబగబా పరిగెత్తాయి. తరవాత నల్లగా అయిపోయింది. అంతే. కాసేపు చూశాను, ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ తెల్లక్షరాలు, మళ్ళీ నలుపు.

అప్‌డేట్. ఇంకేముంది.

అక్టోబర్ 11, శనివారం

మా ఆయన భోజనాల దగ్గర కనిపెట్టేశారు.

“ఏంటి మణీ, డల్‌గా ఉన్నావ్? డబ్బా చెడిందా?”

“అప్‌డేట్ వల్ల చిన్న తేడా వచ్చిందండీ. చూస్తున్నా.”

“చూసేదేముంది, మరియదాసుకి ఫోన్ కొడితే ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేస్తాడు. ఊళ్ళో అందరికీ ఉన్నది మనకీ ఉంటే పోయిద్దిగా.”

విజయవాడలో కంప్యూటర్‌కి ఏ రోగం వచ్చినా మందు ఒకటే, ఫార్మాట్. మరియదాసు ఈ పెట్టెని బిగించి ఇచ్చినవాడు. మంచివాడే కానీ వచ్చీ రాగానే సీడీ తీస్తాడు. ఫార్మాట్ కొడితే లినక్స్ పోతుంది, దాంతో నేను వేసవి నుంచి చేసిన అనువాదం కూడా పోతుంది.

“నాకు కొన్నాళ్ళు టైమివ్వండి” అన్నాను.

“తీస్కో. ఎల్లకాలం అట్టా నల్లగా పెట్టుకుని కూర్చుంటే మాత్రం చేపల కొట్టుకి పట్టుకుపోతా. బిల్లులకి నాకూ ఒకటి కావాల.”

నవ్వుతూనే అన్నారు. ఆయన నవ్వుతూ అన్నవే ఎక్కువగా జరుగుతాయి. అత్తయ్య తలెత్తకుండా చేపముల్లు తీసుకుంటోంది. ఆవిడకి ఎలాగూ ఆ డబ్బా అంటే పడదు. కిందటేడు ఒకసారి, “దాని ముందు కూర్చుంటే పొయ్యి మీద పాలు ఎవరు చూత్తారు” అంది. నేను మర్చిపోలేదు.

అక్టోబర్ 12

నలుపే.

అక్టోబర్ 14, మంగళవారం

సిరాజ్ గారికి ఫోన్ చేశాను. బందరులో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకుంటారాయన, మా గుంపులో పెద్దదిక్కు. మనిషిని ఎప్పుడూ చూడలేదు. గొంతును బట్టి లావుగా ఉంటారని అనుకుంటున్నాను.

“కంట్రోల్, ఆల్ట్, ఎఫ్‌వన్ మూడూ కలిపి నొక్కండి మేడమ్.”

నొక్కాను. నల్లటి తెర మీద ఒక గీత మిణుకుమంది, పేరు చెప్పమంది. పేరు, పాస్‌వర్డ్ కొట్టాను, లోపలికి రానిచ్చింది.

“వచ్చిందండీ!”

“వచ్చిందంటే మిషన్ బాగానే ఉంది మేడమ్. బొమ్మలు గీసే భాగమే పడుకుంది. నెమ్మదిగా లేపుదాం.”

ఇన్నాళ్ళూ మౌస్‌తో తడుముకుంటూ తిరిగిన ఇంట్లో నేల కింద ఇంకో ఇల్లుందని తెలిసినట్టయింది. ఇక్కడ బొమ్మల్లేవు. ఏది కావాలన్నా మాటతో అడగాలి. ఎల్, ఎస్ కొడితే ఉన్నవన్నీ వరసగా చూపిస్తుంది. నా అనువాదాల ఫైలు ఉంది! తెరిచాను. తెలుగు ఉండాల్సిన చోటల్లా చతురస్రాలే. ఈ కింది ఇంటికి తెలుగు చదవడం రాదట. అక్షరాలు క్షేమంగానే ఉంటాయని సిరాజ్ గారన్నారు. నమ్మాలి, అంతే.

మధ్యాహ్నమంతా దానితోనే. పాలు పొంగిపోయాయి. అత్తయ్య వచ్చి పొయ్యి కట్టేసి వెళ్ళింది.

అక్టోబర్ 15

కరెంటు లేదు. ఉన్నంతసేపూ ఇంటిపని.

అక్టోబర్ 16, గురువారం

సిరాజ్ గారితో చిన్న తగువు.

మిషన్ మొదలయ్యేటప్పుడు ఎస్కేప్ కొడితే ఒక జాబితా వస్తుందని, అందులో అప్‌డేట్‌కి ముందున్న పాత వెర్షన్ కూడా ఉంటుందని చెప్పారు. దాన్ని ఎంచుకున్నాను. అవే తెల్లక్షరాలు, అదే నలుపు.

“అయితే మేడమ్, అప్‌డేట్ తప్పు కాదేమో.”

“మరెవరిదండీ? అప్‌డేట్‌కి ముందు బాగుంది, తరవాత లేదు.”

“ముందుకీ తరవాతకీ మధ్య ఇంకేమైనా జరిగిందా?”

“నేను ఊళ్ళోనే లేను. ఏం జరుగుతుంది?”

సరే చూద్దామని ఆయన ఫోన్ పెట్టేశారు. నాకే కోపం తగ్గలేదు. అప్‌డేట్ పాతదాన్ని కూడా పాడుచేసి ఉంటుంది. అంతే అయ్యుంటుంది. నేను నొక్కాను కాబట్టి నాకు తెలుసు.

అక్టోబర్ 17, శుక్రవారం

పటమట సెంటర్‌లో ఒక పెన్‌డ్రైవ్ కొన్నాను. సిరాజ్ గారు ఫోన్‌లో ఒక్కొక్క అక్షరం చెబుతుంటే కొట్టుకుంటూ వెళ్ళి, మూడో ప్రయత్నంలో ఫైలు దాన్లోకి ఎక్కించాను. అనువాదం ఇక భద్రం.

గండం గడిచింది. మరియదాసు వచ్చి ఫార్మాట్ కొట్టుకుంటాడో, ఆయన కొట్టుకి పట్టుకుపోతారో వాళ్ళ ఇష్టం. నాకు కావలసింది నా చేతిలో ఉంది. ఆ పెట్టెతో నాకు పనిలేదు.

అక్టోబర్ 18, శనివారం

పొద్దున్నుంచి పెట్టె ముందే. ఊరికే, తెలుసుకుందామని.

తెర ఎంత వెడల్పు, ఎన్ని రంగులు అని రాసుండే ఫైలు ఒకటుంది. దాన్ని పక్కన దాచి కొత్తది చేయించాను. నలుపు. పాతదే మళ్ళీ పెట్టాను. నలుపు. బొమ్మలు గీసే డ్రైవర్‌ని తీసేసి మళ్ళీ వేశాను. నలుపే కానీ ఈసారి కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికే సంబరపడ్డాను చూడు, అదీ నా బతుకు.

ఒక్కటి మాత్రం నిజం. ఏదీ ఊరికే చెయ్యదిది. ప్రతి దానికీ ఎక్కడో ఒకచోట కారణం రాసి పెట్టుకుంటుంది. విండోస్‌లో అయితే అడిగే దిక్కే లేదు. దీన్ని అడగడం వస్తే చెబుతుంది. ఏం అడగాలో నాకు తెలియడం లేదు.

అక్టోబర్ 20, సోమవారం

ఇవాళ జరిగింది వివరంగా రాసుకోవాలి.

సాయంత్రం స్పీకర్ల మీద దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలి సౌండ్ పెరిగింది. వచ్చిన దగ్గర్నుంచీ అది బాగా తగ్గించి ఉందని నేను చూసుకోలేదు. తరవాత మిషన్ వేశాను. తెల్లక్షరాలు, నలుపు. ఆ నలుపులోంచి డుబు డుబు డుబ్ మని చిన్న డప్పు మోత.

లాగిన్ తెర వచ్చినప్పుడు మోగే డప్పు అది! పేరు చెప్పు, లోపలికి రా అని అడిగేటప్పుడు మోగుతుంది. అంటే లాగిన్ తెర వచ్చింది. ఎక్కడికొచ్చింది? నా ముందు నల్లటి గాజు తప్ప ఏమీ లేదు.

ఆలోచించకుండా నా పేరు కొట్టాను. ఎంటర్. పాస్‌వర్డ్ కొట్టాను. ఎంటర్. ఒక్క క్షణం నిశ్శబ్దం, తరవాత స్వాగత సంగీతం మోగింది. మొత్తం, చివరిదాకా.

నేను లోపల ఉన్నాను. నా వాల్‌పేపర్, నా ఫైళ్ళు, నేను తెలుగు చేసిన మెనూలు అన్నీ ఎక్కడో పరుచుకుని ఉన్నాయి. నేను వాటి మధ్యే ఉండి గుడ్డిగా చూస్తున్నాను. భయం వెయ్యలేదు, చాలా బాగుంది.

“ఏంటే అమ్మాయ్, పాట వచ్చింది? బాగైందా?” అని అత్తయ్య గుమ్మం దగ్గర్నుంచి అడిగింది.

“చప్పుడుంది అత్తయ్యా, బొమ్మ లేదు.”

“అయితే బతికే ఉందిగా” అని వెళ్ళిపోయింది.

బతికే ఉంది. బొమ్మ తయారవుతోంది, ఎటో పోతోంది. ఎటు?

అక్టోబర్ 22, బుధవారం

మా ఆయన శనివారం మరియదాసుని రమ్మన్నారట. విండోస్ వేయించి అటునుంచి అటే కొట్టుకి తీసుకెళతారట.

“నీ ఫైలు నీ దగ్గరుందన్నావుగా” అన్నారు.

ఉంది. నేనే చెప్పాను. ఇప్పుడు కాదని ఎలా అంటాను? చేపలు తూచే చోట, ఐసు నీళ్ళ మధ్య, ఎవరు పడితే వాళ్ళు తడి చేతుల్తో కొడతారు దాన్ని. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నేనేం చేసుకోను? మెడలో వేసుకోనా?

పనిలేదని శుక్రవారం రాసింది ఇప్పుడు చదివాను. అబద్ధం. నాకు ఆ పెట్టె కావాలి. అది నాది.

అక్టోబర్ 23

ఎటు పోతోంది?

అక్టోబర్ 24, శుక్రవారం

దొరికింది.

బొమ్మలు గీసే భాగం తాను చేసే ప్రతి పనినీ లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. ఇన్నాళ్ళూ దాన్లో తప్పుల గుర్తున్న వరసలు మాత్రమే వెతికాను. ఒక్కటీ లేదు. ఇవాళ పొద్దున తప్పుల కోసం కాకుండా, ఇదసలు ఏం చెప్పుకుంటోందో విందామని మొదటి వరస నుంచి చదివాను. కాఫీ చల్లారిపోయింది. కార్డు దొరికిందట, మంచిది. రంగులు కుదిరాయట, మంచిది. ఆ తరవాత, తప్పుల్లో కాదు, మామూలు సమాచారంలోనే ఒక వరస. ఈ కార్డుకి మానిటర్ ఏదీ తగిలించి లేదు, ఉందనుకుని గీసుకుపోతున్నాను అని.

ఇన్నిసార్లు దాన్ని దాటుకుంటూ పోయాను. అది తప్పని మిషన్ అనలేదు కాబట్టి నేనూ అనుకోలేదు.

తగిలించి లేకపోవడమేంటి, నా ముందే ఉందిగా మానిటర్! అప్పుడు లేచాను. బల్ల కింద గోడకి ఆనించి ఉన్న పెట్టెని ఇవతలికి లాగి వెనక్కి వంగి చూశాను. ఇన్నేళ్ళలో దాని వీపు ఎప్పుడూ చూడలేదు. మానిటర్ తీగ పట్టే నీలం సాకెట్లు రెండున్నాయి! పైన ఒకటి, పెట్టెతో పుట్టింది. కింద ఇంకొకటి, సత్యశ్రీ ఆటల కోసం మరియదాసు విడిగా బిగించిన కార్డుది. తీగ పైదానికి ఉంది. తెల్లక్షరాలు పైదానిలోంచి వస్తున్నాయి. డెస్క్‌టాప్ మాత్రం కిందదానిలోంచి, ఎవరూ చూడని గోడ వైపు వస్తోంది. పై సాకెట్ చుట్టూ పసుపు రాసి ఉంది.

తీగ తీసి కిందదానికి పెట్టాను. ఆన్ చేశాను. డప్పు మోగింది. తెర వెలిగింది.

అప్‌డేట్ ఏ పాపమూ ఎరగదు.

అక్కడే నేలమీద కూర్చుని అత్తయ్యని పిలిచాను.

“అత్తయ్యా, దసరానాడు ఈ తీగలు మీరు తీశారా?”

“తీశా. తియ్యకుండా ఎట్టా వచ్చిద్ది? పీట మీద పెట్టి తుడిచి, నీ మొగుడి తక్కెడ పక్కన పెట్టి పూజ చేశా. చేపల గంపలు మోసినదాన్ని, ఇదో బరువా నాకు. ఆనక రంగుకి రంగు చూసి ఎక్కడివక్కడ పెట్టా. పచ్చదానికి పచ్చ, ఊదాకి ఊదా. నీలాలు మాత్రం రెండున్నాయి. మిగతావన్నీ పైనే ఉన్నాయిగా అని పైదాన్లో పెట్టా.”

“నాకు చెప్పలేదేం?”

“బొట్టు చూశావుగా. కొబ్బరి చిప్ప కూడా నీ చేతికే ఇత్తినిగా.” స్పీకర్ల వంక చూసి, “పాటలు వచ్చే డబ్బాల మీట కూడా కదిలినట్టుంది. ఏమే, తప్పు జరిగిందా?” అంది. ముఖం చిన్నబోయింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. “నీలం కిందది అత్తయ్యా” అన్నాను.

“అయ్యో. ఇన్నాళ్ళూ నా వల్లేనా నువ్వు ఇట్టా కిందా మీదా పడింది!”

“పండగకి చేతికందినవాటికల్లా బొట్టు పెట్టారనుకున్నా” అన్నాను.

“అన్నిటికీ ఎందుకు పెడతా? టీవీకి పెట్టానా? ఫ్రిజ్జుకి పెట్టానా? అవి పనిముట్లా ఏంటి. తక్కెడకి పెట్టా, నా కత్తిపీటకి పెట్టా, నీ దీనికి పెట్టా.”

వెళ్ళి చూశాను. టీవీ మీద బొట్టు లేదు. ఫ్రిజ్ మీద లేదు.

నేను పామర్రులో ఉంటే నా పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టింది. నేను దాన్ని పచ్చడి చేశాను. చాలాసేపు ఏడుపు ఆగలేదు. సిరాజ్ గారికి ఫోన్ చేసి, “ముందుకీ తరవాతకీ మధ్య జరిగిందండీ” అని చెబితే ఆయన అంత నవ్వు నవ్వుతారని అనుకోలేదు. లావుగా ఉండేవాళ్ళ నవ్వే.

అక్టోబర్ 25, శనివారం

మరియదాసు సీడీల సంచితో వచ్చాడు. తెర మీద నా తెలుగు మెనూలు చూసి, “బాగైపోయిందిగా మేడమ్, ఎవరు చేశారు?” అన్నాడు. మా ఆయన కూడా చూశారు. మెచ్చుకున్నారు కూడా. కానీ ఆయనకి ఒకసారి అనుకున్న పని ఆపడం చేతకాదు.

“ఎట్టాగూ వచ్చావుగా మరియదాసూ. విండోస్ వేసెయ్, కొట్టుకి తీసుకెళదాం. మణీ, నీకు సంక్రాంతికి కొత్తది తీసుకుందాంలే.”

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది. చేతిలో చేప, ఇంకో చేతిలో పొలుసు గీకే బిళ్ళ.

“ఒరే శివాజీ, నీ తక్కెడ పక్కకొట్టు వాడికి ఇత్తావా?”

“తక్కెడ ఎందుకిత్తానే? దసరాకి నా పేరున పూజ చేశావుగా.”

“ఇవ్వకూడదు కదా, మళ్ళీ దసరా దాకా?”

“కూడదు. తాత తన వలైతే మామయ్యకి కూడా ఇచ్చేవాడు కాదు. ఇప్పుడా గోలెందుకు?”

“ఆ పెట్టెకి దీని పేరున కాయ కొట్టా. నీ తక్కెడ పక్కనే పెట్టి కొట్టా. దీని పనిముట్టు మీద ఇంకోళ్ళు చెయ్యేత్తే ఇంటికి మంచిది కాదు.”

మా ఆయన పెట్టె వంక చూశారు. మానిటర్ మీద బొట్టు నేను దులిపేశాను కానీ పెట్టె మీది పసుపు అలాగే ఉంది. ఆయన కొల్లేరు ఒడ్డున పుట్టినవాడు. పూజ చేసిన వలని దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళే మనిషి. చెప్పులేసుకుంటూ, “మరియదాసూ, కొట్టుకి వేరేది ఒకటి చూడయ్యా. సెకండ్‌హ్యాండ్‌దైనా పర్లేదు” అన్నారు.

అత్తయ్య మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. పాల గిన్నె కింద మంట తగ్గించాను. “నేను చూత్తాలే, నువ్వు పో, పని చూసుకో” అంది.

సాయంత్రం ఆవిడే కుంకుమ భరిణె తెచ్చి, “ఆ కింది నీలం ఎక్కడుందో చూపించు” అంది. పెట్టె వెనక కూర్చుని సాకెట్ పక్కన ఒక బొట్టు, తీగ చివర ఒక బొట్టు పెట్టింది. మా ఊళ్ళో ఎవరి వలకి వాళ్ళు రంగుగుడ్డ కట్టుకుంటారు, ఇదీ అంతేనంది. “వచ్చే దసరాకి ఇక తప్పు పోను.”

నవంబర్ 2, ఆదివారం

అనువాదం పంపేశాను. అప్‌డేట్ దగ్గర ‘బాగుచేత’ అనే పెట్టాను. సిరాజ్ గారు ఒప్పుకోరు, పోట్లాడాలి.

మూలన నారింజ గుర్తు వెలిగింది. బాగుచేతలు వచ్చాయి, వేసుకుంటావా అంటోంది. ముందు పెట్టె వెనక్కి వంగి చూశాను. రెండు బొట్లూ ఎదురెదురుగా ఉన్నాయి. నొక్కాను.